చొక్కా మీద నినాదం: రాజకీయ, ఉద్యమ బ్యాడ్జీల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరేగింపుల్లో, ఎన్నికల సభల్లో చొక్కాకు గుచ్చుకునే గుండ్రటి రేకు బ్యాడ్జీ పుట్టి దాదాపు 130 ఏళ్లయింది. దాని కథ ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో నడిచింది కాబట్టి ఇక్కడి జవాబులూ ఎక్కువగా అక్కడివే. చదివేటప్పుడు రెండు విషయాలు గమనిస్తూ ఉండండి: ఏ బ్యాడ్జీకి ఎవరు డబ్బు పెట్టారు, దాన్ని పెట్టుకున్నందుకు ఎవరు ఇబ్బంది పడ్డారు. పార్టీ బ్యాడ్జీకీ ఉద్యమ బ్యాడ్జీకీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఏ రకం బ్యాడ్జీ గురించి ఈ చర్చ?

కాలేజీ ఫెస్టులకూ పుట్టినరోజులకూ ప్రింటింగ్ షాపుల్లో చేయించే బటన్ బ్యాడ్జీ గురించి. అమెరికాలో దీన్ని బటన్ అనే అంటారు. ఉబ్బెత్తుగా వంచిన పలుచటి రేకు, దాని మీద అచ్చు వేసిన కాగితం, కాగితం మీద పారదర్శకమైన పొర, వీటన్నిటినీ వెనకనుంచి బిగించే రింగు, ఆ రింగులో ఇమిడే స్ప్రింగు తీగ పిన్ను. 1896 నాటి అమరిక ఇదే, ఇవాళ చేతి మిషను మీద ఒత్తేదీ దాదాపు ఇదే. పైపొర మాత్రం సెల్యులాయిడ్ (తొలితరం ప్లాస్టిక్) నుంచి మామూలు ప్లాస్టిక్‌కు మారింది.

మొదటి రాజకీయ బ్యాడ్జీ ఎవరిది?

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ అమెరికా తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజుల్లో కొందరు ఆయన పేరున్న లోహపు గుండీలు కోట్లకు కుట్టించుకున్నారు. మధ్యలో ఆయన పేరులోని పొడి అక్షరాలు, చుట్టూ ‘అధ్యక్షుడు వర్ధిల్లాలి’ అన్న మాట. కొన్నిటి అంచున 13 రాష్ట్రాల గుర్తులు గొలుసుకట్టుగా ఉంటాయి. అవి కోటుకు గుండీలుగా పనిచేసేవి. ఎన్నిక అయిపోయాక వచ్చాయి కాబట్టి వాటిని ప్రచారం అనడం కన్నా సంబరం అనడమే సబబు.

ముఖం చూపించి ఓటు అడగడం 1860లో ఊపందుకుంది. అబ్రహాం లింకన్ ఎలా ఉంటాడో అప్పటికి చాలామంది ఓటర్లకు తెలియదు. రేకు మీద ఫొటో దింపే పద్ధతికి అంతకు నాలుగేళ్ల ముందే పేటెంట్ వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మాథ్యూ బ్రేడీ తీసిన లింకన్ ఫొటోను చిన్న చిన్న రేకు ముక్కల మీదికి ఎక్కించి, ఇత్తడి చట్రంలో బిగించి అమ్మారు. కొన్నిటికి ఒకవైపు లింకన్, రెండోవైపు ఉపాధ్యక్ష అభ్యర్థి హానిబల్ హామ్లిన్. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ, లక్షల్లో పంచడానికి పనికొచ్చే వస్తువులు కావు.

అందరూ 1896 గురించే ఎందుకు మాట్లాడతారు?

ఆ ఏడు యంత్రం, డబ్బు, తగువు మూడూ ఒక్కచోట కలిశాయి.

ముందు యంత్రం సంగతి. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు ఏం వాడాలా అని వెతుకుతూ జాన్ వెస్లీ హయట్ సెల్యులాయిడ్‌ను 1870 ప్రాంతంలోనే వాడకంలోకి తెచ్చాడు. దుస్తుల గుండీకి సెల్యులాయిడ్ తొడుగు వేసే పద్ధతికి బోస్టన్‌కు చెందిన అమాండా లోగీ 1890లలో పేటెంట్ తీసుకుంది. న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ ఆ హక్కులను చేజిక్కించుకుని, వెనక పిన్ను అమరికకు 1896 జూలై 21న ఇంకో పేటెంట్ సంపాదించింది. ఆనాటి బ్యాడ్జీల వెనక అతికించిన కాగితం మీద ఈ తేదీ ఇప్పటికీ కనిపిస్తుంది. రంగురంగుల బొమ్మ ఏదైనా సరే, కాగితం మీద అచ్చు వేసి, పొర కప్పి, బిగించేస్తే చాలు. చేతిపని తగ్గి ధర పడిపోయింది. సిగరెట్ కంపెనీలు పెట్టెతో పాటు బ్యాడ్జీ ఉచితంగా ఇవ్వడం మొదలెట్టాయి.

ఇక తగువు. ఆ ఎన్నికలో రిపబ్లికన్ విలియం మెకిన్లీ బంగారం పక్షం. డాలరుకు వెనక బంగారమే ఉండాలన్నాడు. డెమొక్రాట్ విలియం జెన్నింగ్స్ బ్రయన్ వెండి పక్షం. 16 వంతుల వెండికి ఒక వంతు బంగారం లెక్కన వెండి నాణేలూ ముద్రించాలి, చలామణిలో డబ్బు పెరగాలి, అప్పుల్లో ఉన్న రైతు ఊపిరి పీల్చుకోవాలి అన్నాడు. ఇంత చిక్కు లెక్కను రూపాయి బిళ్లంత బ్యాడ్జీలో ఎలా చెబుతారు? బంగారం పక్షం వాళ్లను ‘గోల్డ్ బగ్’ (బంగారు పురుగు) అనేవారు కాబట్టి మెకిన్లీ వాళ్లు బంగారు రంగు పురుగు ఆకారంలో పిన్నులు చేశారు. బ్రయన్ వాళ్లు గడియారం బొమ్మ వేశారు. దాని ముళ్లు 12 గంటల 44 నిమిషాలు చూపిస్తాయి, అంటే ఒంటిగంటకు 16 నిమిషాలు తక్కువ. 16కు 1. చూసినవాడు ఒక్క క్షణం ఆగి, అర్థమై నవ్వుకుంటాడు. బ్యాడ్జీల మీద ఇంతకన్నా తెలివైన పని ఆ తర్వాత కూడా పెద్దగా జరగలేదని నా అభిప్రాయం.

డబ్బు మాత్రం బంగారం వైపే ఉంది. మెకిన్లీ ప్రచారాన్ని నడిపిన మార్క్ హన్నా వ్యాపారస్తుల దగ్గర సుమారు 35 లక్షల డాలర్లు వసూలు చేశాడు. బ్రయన్ దగ్గర అందులో చిన్న భాగమే ఉంది. బ్రయన్ రైలెక్కి 18 వేల మైళ్లు తిరిగి ఉపన్యాసాలిస్తే, మెకిన్లీ ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో తన ఇంటి వసారా దాటకుండా జనాన్నే తన దగ్గరికి రప్పించుకున్నాడు. గెలిచిందీ ఆయనే.

సెల్యులాయిడ్ బ్యాడ్జీకీ రేకు బ్యాడ్జీకీ తేడా ఏమిటి?

రెండో రకానికి కాగితమూ పొరా ఉండవు. వెడల్పాటి రేకు మీద నేరుగా రంగులు అచ్చు వేసి, గుండ్రంగా కత్తిరించి, అంచు లోపలికి మడుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి ఇవి ఎక్కువయ్యాయి. చవక, త్వరగా తయారవుతాయి. రంగులు సన్నగా పలకవు, గీతలు పడతాయి. లక్షల్లో కావాలంటే రేకు, వందల్లో బాగా రావాలంటే సెల్యులాయిడ్, అంతే.

స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో వీటి పాత్ర ఎంత?

చాలా ఎక్కువ. 1896లో బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఎలాగూ ఓటు ఉన్న మగవాళ్లే. పార్టీ ఊరికే ఇచ్చింది, తగిలించుకున్నారు. ఓటే లేని స్త్రీ తన డబ్బుతో కొని, రవికెకు గుచ్చుకుని ట్రాము ఎక్కితే అది వేరే సంగతి. బహిరంగంగా ఒక రాజకీయ డిమాండు మోస్తూ నడవడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం.

బ్రిటన్‌లో ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నాయకత్వంలోని సంఘం 1908లో ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులను తమవిగా ప్రకటించుకుంది. అప్పటినుంచి బ్యాడ్జీ, రిబ్బను, టోపీ పట్టీ అన్నీ ఆ మూడు రంగుల్లోనే. అక్షరం కనబడనంత దూరంనుంచి కూడా ఫలానా మనిషి మనవాళ్లు అని తెలిసేది. 1909లో ఇంకో అడుగు ముందుకేశారు. లండన్ హాలోవే జైలు నుంచి విడుదలైన సభ్యులకు సిల్వియా పాంక్‌హర్స్ట్ గీసిన ప్రత్యేక బ్రూచ్ ఇచ్చారు. దాని మీద ఇనుప గేటు, మధ్యలో ఖైదీ దుస్తుల మీద ఉండే బాణం గుర్తు. ప్రభుత్వం అవమానంగా ముద్రించిన గుర్తును ఆభరణంగా మార్చేశారు. అమెరికాలోనూ 1917లో అధ్యక్ష భవనం ముందు నిలబడి జైలుకెళ్లిన స్త్రీలకు జైలు తలుపు ఆకారంలో పిన్నులు ఇచ్చారు. దుకాణంలో దొరికేవి కావవి.

అమెరికన్ బ్యాడ్జీల్లో ఇంకో ముచ్చట నక్షత్రాలు. స్త్రీలకు పూర్తి ఓటు ఇచ్చిన రాష్ట్రానికి ఒకటి చొప్పున వేసేవారు. 1896 నాటికి నాలుగు రాష్ట్రాలు. 1910లో వాషింగ్టన్ రాష్ట్రంతో ఐదు, 1911లో కాలిఫోర్నియాతో ఆరు. కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టి ఆ బ్యాడ్జీ ఏ కాలానిదో చెప్పేయొచ్చు.

వ్యతిరేకులకూ వాళ్ల గుర్తులు ఉండేవి. 1920 ఆగస్టులో రాజ్యాంగ సవరణ చివరి మద్దతు కోసం టెనెసీ శాసనసభకు వచ్చినప్పుడు అనుకూలురు పసుపు గులాబీ, వ్యతిరేకులు ఎర్ర గులాబీ కోటుకు పెట్టుకున్నారు. 24 ఏళ్ల శాసనసభ్యుడు హ్యారీ బర్న్ కోటు మీద ఎర్ర గులాబీయే ఉంది, జేబులో మాత్రం ‘అనుకూలంగా ఓటెయ్యి నాయనా’ అన్న అర్థంలో అమ్మ రాసిన ఉత్తరం ఉంది. ఓటింగులో ఆయన అవునన్నాడు. దాంతో సవరణ గట్టెక్కింది. కోటు మీద గుర్తు చూసి మనిషి మనసు లెక్కగట్టినవాళ్లు ఆ రోజు కంగుతిన్నారు.

కార్మిక సంఘాల బ్యాడ్జీలు అన్నేసి రంగుల్లో ఎందుకుంటాయి?

ప్రచారం కోసం కాదు, చందా లెక్క కోసం. ఈ నెల చందా కట్టినవాడికి ఈ నెల బ్యాడ్జీ. వచ్చే నెల రంగు మారుతుంది. పాత రంగు పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికొస్తే బాకీ ఉన్నాడని అందరికీ తెలిసిపోతుంది. రసీదు పుస్తకం తెరవాల్సిన పని లేదు, కాస్త మొహమాటమూ పనిచేస్తుంది.

యాజమాన్యాలకు ఇవి కంటగింపుగా ఉండేవి. రిపబ్లిక్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీ యూనియన్ ప్రతినిధి బ్యాడ్జీలు తీయనన్న ఉద్యోగులను తొలగించింది. 1945లో అమెరికా సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన తీర్పిచ్చింది. పని స్థలంలో యూనియన్ బ్యాడ్జీ పెట్టుకునే హక్కు గురించి అక్కడ ఇప్పటికీ ఆ కేసునే ఉదహరిస్తారు.

పౌరహక్కుల ఉద్యమంలో బ్యాడ్జీ పెట్టుకున్నందుకు శిక్షలు పడ్డాయా?

పడ్డాయి. బాగా తెలిసిన కేసు మిసిసిపీ రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా ఊరిది. పెన్సిల్వేనియాలోని పెద్ద నగరం కాదు, అదే పేరున్న చిన్న పట్టణం. 1964 జూన్‌లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను ఆ ప్రాంతంలోనే చంపేశారు. మూడు నెలలు తిరక్కుండానే సెప్టెంబరులో అక్కడి నల్లజాతి పిల్లల హైస్కూలుకు కొందరు విద్యార్థులు బ్యాడ్జీలు పెట్టుకొచ్చారు. అంచు చుట్టూ ‘ఒక మనిషికి ఒక ఓటు’, మధ్యలో విద్యార్థి ఉద్యమ సంస్థ పేరులోని పొడి అక్షరాలు. ప్రిన్సిపాల్ తీసెయ్యమన్నాడు. తీయనివాళ్లను ఇంటికి పంపేశారు. హత్యలు జరిగిన ఊళ్లో, ఆ వయసు పిల్లలు, ఆ నాలుగు మాటలు గుండెల మీద పెట్టుకుని బడికి నడవడం అంటే ఏమిటో ఊహించుకోండి.

తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1966 జూలై 21న అప్పీలు కోర్టు పిల్లల పక్షాన నిలిచింది. చదువుకు అడ్డం రానంతవరకు బ్యాడ్జీ నిషేధించే హక్కు బడికి లేదంది. అదే రోజు, అదే కోర్టు, అదే రాష్ట్రంలోని ఇంకో హైస్కూలు కేసులో బడి పక్షాన తీర్పిచ్చింది. ఆ బడిలో పిల్లలు హాల్లో అల్లరి చేస్తూ, ఇష్టం లేనివాళ్లకు కూడా బలవంతంగా బ్యాడ్జీలు గుచ్చారట. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే గీత ఎక్కడ గీశారో తెలుస్తుంది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకున్న విద్యార్థుల కేసులో 1969లో సుప్రీంకోర్టు మొదటి తీర్పులోని కొలబద్దనే తీసుకుంది. అమెరికాలో విద్యార్థుల వాక్ స్వాతంత్ర్యానికి పునాదిరాయి అనదగ్గ తీర్పు వెనక ఒక రేకు బ్యాడ్జీ ఉందన్నమాట.

1963 ఆగస్టు 28 వాషింగ్టన్ ప్రదర్శన బ్యాడ్జీ మీద ఒక నల్ల చెయ్యి, ఒక తెల్ల చెయ్యి కలుపుకుని ఉంటాయి. దాన్ని 25 సెంట్లకు అమ్మారు. నిధి కావాలి, పైగా సొంత డబ్బులు పెట్టి కొన్నవాడు ఆ రోజు తప్పక వస్తాడన్న లెక్కా ఉంటుంది. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం విన్న సుమారు రెండున్నర లక్షల మందిలో చాలామంది దుస్తుల మీద అదే ఉంది.

శాంతి గుర్తు బ్యాడ్జీల నుంచే వచ్చిందా?

పుట్టింది కాగితం మీద, ఊరూరా తిరిగింది బ్యాడ్జీల మీద. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా 1958 ఈస్టర్‌కు లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్ అణ్వాయుధ కేంద్రానికి పాదయాత్ర తలపెట్టారు. దాని కోసం జెరాల్డ్ హోల్టమ్ అనే డిజైనర్ ఈ గుర్తు గీశాడు. ఓడల మీద జెండాలతో సైగలు చేసే పద్ధతిలో ‘అణు’, ‘నిరాయుధీకరణ’ అన్న రెండు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలను ఒకదాని మీద ఒకటి వేసి, చుట్టూ వలయం గీస్తే ఆ బొమ్మ వచ్చింది.

మొదటి బ్యాడ్జీలు రేకువి కావు, మట్టివి. ఎరిక్ ఆస్టిన్ అనే కార్యకర్త తెల్ల బంకమట్టితో చేసి, నల్ల రంగుతో గుర్తు వేసి, కొలిమిలో కాల్చాడు. అణుయుద్ధమే వస్తే ఆ మంటల్లో మిగిలే కొద్ది మానవ వస్తువుల్లో ఈ కాల్చిన మట్టి బ్యాడ్జీలూ ఉంటాయి అని వాటితో పాటు ఒక చీటీ ఇచ్చారు. ఆ చీటీ చదివాక పెట్టుకున్నవాళ్లకు వెన్ను జలదరించి ఉండాలి.

1960లో షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి ఫిలిప్ ఆల్ట్‌బాక్ ఇంగ్లండు వెళ్లి సంచీ నిండా ఆ బ్యాడ్జీలు తెచ్చాడు. తమ విద్యార్థి శాంతి సంఘం చేత ఆ గుర్తును స్వీకరింపజేశాడు. అమెరికా కాలేజీల్లోకి అది పాకిన దారి అదే. అదే ఆల్ట్‌బాక్ తర్వాత బొంబాయి విద్యార్థి రాజకీయాల మీద పరిశోధన చేసి, ఉన్నత విద్యారంగంలో పేరున్న పండితుడయ్యాడు. గుర్తు మీద ఎవరూ హక్కులు రాయించుకోలేదు. అందుకే శాంతి ఊసెత్తని టీ షర్టు కంపెనీలు కూడా దాన్ని అచ్చు వేసుకుంటున్నాయి.

అణువిద్యుత్తు విషయంలో డెన్మార్క్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1975లో ఆర్హుస్ నగరానికి చెందిన ఆనె లుండ్ పసుపు నేపథ్యం మీద నవ్వే ఎర్ర సూర్యుణ్ణి గీసింది. చుట్టూ ‘అణువిద్యుత్తా? వద్దు, థ్యాంక్స్’. కోపం లేదు, తిట్టు లేదు, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు చెప్పారు. పదుల భాషల్లోకి వెళ్లింది, అమ్మిన డబ్బు ఉద్యమానికే పోయింది. దుర్వినియోగం కాకుండా గుర్తును రిజిస్టర్ కూడా చేసుకున్నారు.

పసుపు స్మైలీ బ్యాడ్జీ కూడా ఉద్యమానిదేనా?

కాదు. 1963లో మసాచుసెట్స్‌లోని ఒక బీమా కంపెనీ తన ఉద్యోగుల ఉత్సాహం పెంచమంటే హార్వీ బాల్ గీసి ఇచ్చాడు. 45 డాలర్లు ముట్టాయి. హక్కులు ఎవరూ నమోదు చేసుకోలేదు. మిగతా డబ్బంతా వేరేవాళ్లు చేసుకున్నారు.

బ్యాడ్జీలు నిజంగా ఓట్లు తెచ్చిపెడతాయా?

1940 చూస్తే నమ్మకం పోతుంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడ్డాడు. ప్రత్యర్థి వెండెల్ విల్కీ మద్దతుదారులు బ్యాడ్జీల వరద పారించారు. ‘మూడోసారి వద్దు’ దగ్గర మొదలై, ‘ఎలనోర్ కూడా మాకొద్దు’ అంటూ ఆయన భార్య దాకా వెళ్లారు. రకరకాల నినాదాలతో అన్ని బ్యాడ్జీలు ఏ ఎన్నికలోనూ రాలేదంటారు సేకర్తలు. విల్కీకి 82 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లు) వస్తే రూజ్‌వెల్ట్‌కు 449 వచ్చాయి.

1952లో ఐజన్‌హోవర్ బ్యాడ్జీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ‘ఐ లైక్ ఐక్’, అంటే ఐక్ నాకిష్టం. ఐక్ అన్నది ఆయన ముద్దుపేరు. మూడు చిన్న మాటలు, ఒకటే ప్రాస, విధానం గురించి ఒక్క ముక్క లేదు. ఆయన అప్పటికే యుద్ధ వీరుడు, జనానికి ఇష్టుడు. బ్యాడ్జీ ఆ ఇష్టాన్ని పైకి అనడానికి వీలు కల్పించిందంతే. 1964లో బారీ గోల్డ్‌వాటర్ మనుషులు బంగారం రసాయన గుర్తు ఏయూ పక్కన నీటి ఫార్ములా హెచ్‌టూఓ పెట్టి ఆయన పేరు రాశారు. కెమిస్ట్రీ చదివినవాళ్లు భలే అన్నారు. ఆయన మాత్రం చిత్తుగా ఓడిపోయాడు.

పార్టీ బ్యాడ్జీ ఎదుటివాడి మనసు మార్చడం అరుదు. అది పెట్టుకున్నవాణ్ణి కట్టిపడేస్తుంది. ‘నేను ఫలానా’ అని పదిమందిలో చెప్పుకున్నాక పోలింగ్ రోజు ఇంట్లో పడుకోవడం కష్టం.

నిషేధం ఉన్న దేశాల్లో ఏం చేశారు?

బ్యాడ్జీ కానిదాన్ని బ్యాడ్జీ చేసుకున్నారు. 1940లో జర్మన్లు నార్వేను ఆక్రమించాక, ఆ ఏడాది చివర్లో ఓస్లో విద్యార్థులు కోటు కాలరుకు మామూలు పేపర్ క్లిప్పు పెట్టుకోవడం మొదలెట్టారు. కాగితాల్ని కలిపి పట్టుకుంటుంది కదా, మనమూ కలిసే ఉన్నామని అర్థం. అధికారులు చివరికి దాన్నీ నిషేధించారు.

పోలండ్‌లో 1981 డిసెంబర్ 13న సైనిక చట్టం విధించి సాలిడారిటీ అనే కార్మిక సంఘం మీద పడ్డారు. దాని బ్యాడ్జీ కనిపిస్తే పోలీసు గొడవ. జనం రేడియోలోంచి ఊడదీసిన చిన్న రెసిస్టర్‌ను చొక్కాకు గుచ్చుకున్నారు. కరెంటును ఎదిరించే పరికరం. ఎవరిని ఎదిరిస్తున్నారో విడిగా చెప్పక్కర్లేదు.

చైనాలో కథ తలకిందులు. సాంస్కృతిక విప్లవంలో, ముఖ్యంగా 1966 నుంచి 1969 వరకు, మావో బొమ్మ బ్యాడ్జీ పెట్టుకోకపోవడమే ప్రమాదం. వందల కోట్ల సంఖ్యలో చేశారని అంచనాలు. అల్యూమినియం అంతా వీటికే పోతుంటే, విమానాలకు లోహం కావాలని మావోనే విసుక్కున్నాడని చెబుతారు. 1969లో తయారీకి కళ్లెం వేశారు. పెట్టుకున్నందుకు దెబ్బలు తినడం ఒకటి, పెట్టుకోనందుకు దెబ్బలు తినడం ఇంకొకటి. రెండో రకాన్ని ఉద్యమ బ్యాడ్జీ అనడానికి నాకు మనసొప్పదు.

‘మౌనమంటే మరణం’ బ్యాడ్జీ దేనికి సంబంధించింది?

ఎయిడ్స్‌కు. నాజీ శిబిరాల్లో స్వలింగ సంపర్కులైన మగవాళ్లకు గులాబీరంగు త్రికోణం కుట్టేవారు, కొన కిందికి ఉండేది. న్యూయార్క్‌లో ఆరుగురు మిత్రులు ఆ త్రికోణాన్ని కొన పైకి తిప్పి, నల్ల నేపథ్యం మీద పెట్టి, కింద ఆ మాటలు వేసి 1987 మొదట్లో గోడలకు పోస్టర్లు అంటించారు. అదే ఏడు మార్చిలో పుట్టిన యాక్ట్ అప్ ఉద్యమం దాన్ని బ్యాడ్జీగా మార్చింది. అప్పట్లో ఆ జబ్బు పేరెత్తడానికే జనం జంకేవారు. అలాంటప్పుడు ఆఫీసులో, బస్సులో అది పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లు అడుగుతారు, జవాబు చెప్పాలి. ఉద్యమానికి కావలసిందీ అదే.

మన దగ్గర బటన్ బ్యాడ్జీ ఎందుకు అంతగా పాతుకోలేదు?

దాని పని చేసే వస్తువులు మనకు వేరే ఉన్నాయి. స్వాతంత్ర్యోద్యమంలో గాంధీ టోపీ, ఖద్దరు ఆ పని చేశాయి. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో పార్టీ ఏదో చెప్పేది కండువా. పసుపు కండువా, గులాబీ కండువా అంటే పేరు చెప్పక్కర్లేదు, పార్టీ మారడాన్ని కూడా కండువా కప్పుకోవడమనే అంటాం. సభలో వెనక వరుస నుంచి కూడా కనిపించేది అదే. ఎన్నికల్లో బ్యాడ్జీలూ పంచుతారు, అభ్యర్థి ఖర్చు లెక్కలోనూ రాస్తారు, కానీ దాచుకునేవాళ్లు తక్కువ.

ఒక్క బ్యాడ్జీ మాత్రం మన జీవితంలో గట్టిగా నిలిచింది, అది నల్ల బ్యాడ్జీ. డీఏ బకాయిల కోసం ఉద్యోగులు, జీతాల కోసం టీచర్లు, దాడులకు నిరసనగా డాక్టర్లు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని డ్యూటీ చేయడం పేపర్లో చూస్తూనే ఉంటాం. గుడ్డ ముక్క, ఒక పిన్నీసు. నినాదం లేదు, బొమ్మ లేదు, కంపెనీ లేదు. పని ఆపకుండానే కోపం చెప్పొచ్చు, సమ్మె నోటీసు ఇచ్చే ముందు ఇది మొదటి మెట్టు.

బ్యాడ్జీ పెట్టుకుని ఓటేయడానికి వెళ్లొచ్చా?

మన దగ్గర వద్దు. ప్రజాప్రాతినిధ్య చట్టం 130వ సెక్షన్ ప్రకారం పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం చేయడం, ఎన్నికకు సంబంధించిన గుర్తులు ప్రదర్శించడం నేరం. జరిమానా 250 రూపాయల వరకే అయినా, అక్కడ పోలీసులతో గొడవ ఎందుకు. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. మిన్నెసోటాలో ‘రాజకీయ’ బ్యాడ్జీలన్నిటినీ పోలింగ్ కేంద్రంలో నిషేధిస్తే, ‘నా గుర్తింపు కార్డు అడగండి’ అనే బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లు కోర్టుకెళ్లారు. ఏది రాజకీయం, ఏది కాదు అన్నది చట్టంలో స్పష్టంగా లేదంటూ 2018లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది.

అమెరికా పార్టీలు ఇప్పుడు వీటిని ఎందుకు పంచడం లేదు?

టీవీ తినేసింది. 1974 సంస్కరణల తర్వాత అమెరికా అధ్యక్ష ప్రచారాలకు ప్రభుత్వ నిధి వచ్చింది, దాంతోపాటు ఖర్చుకు పరిమితీ వచ్చింది. పరిమితి ఉన్నప్పుడు ప్రచారకర్తలు ముందు టీవీ ప్రకటనలకే డబ్బు కేటాయించారు. ఇప్పుడు లెక్క తిరగబడింది. అభ్యర్థుల వెబ్‌సైట్లలో బ్యాడ్జీ కొనుక్కోవాలి, ఆ డబ్బు విరాళం కింద జమ అవుతుంది. ఒకప్పుడు పార్టీయే ఓటరుకు ఇచ్చేది, ఇప్పుడు ఓటరే పార్టీకి ఇస్తున్నాడు. ఉద్యమాలు నూరేళ్ల కిందటే పట్టుకున్న కిటుకు ఇది.

అమెరికాలో ఉన్న మావాళ్లు పాత బ్యాడ్జీ ఒకటి పంపారు. విలువైనదా?

చాలావరకు కాదు. కోట్లలో చేసినవాటికి కొద్ది డాలర్లకు మించి రావు. ధర పలికేవి తక్కువగా చేసినవి. అందులో పేరుమోసింది 1920లో ఓడిపోయిన జేమ్స్ కాక్స్, ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇద్దరి ఫొటోలూ ఉన్న బ్యాడ్జీ. వాళ్ల ప్రచారానికి నిధుల కొరత, ఫొటోలున్నవి కొద్దిగానే చేశారు. వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భం ఉంది.

ముందు నకలు అవునో కాదో చూడండి. 1972లో అమెరికన్ ఆయిల్ కంపెనీ పాత ఎన్నికల బ్యాడ్జీల నకళ్లను సెట్లుగా వదిలింది. అవి ఇళ్లల్లో డబ్బాల కొద్దీ ఉన్నాయి. అసలువి సెల్యులాయిడ్, ఇవి రేకు మీద అచ్చు. అంచు మడతలో సన్నటి అక్షరాలు ఉన్నాయేమో భూతద్దంతో వెతకండి. 1973 నాటి చట్టం ప్రకారం నకలు మీద తయారైన సంవత్సరం చెరగకుండా ముద్రించాలి. 1896 నాటి మెకిన్లీ బ్యాడ్జీకి కాగితమూ పొరా లేకపోతే ఇంకేం చూడక్కర్లేదు.

ఎలా దాచాలి?

నీళ్లతో కడగొద్దు. తడిగుడ్డ కూడా వద్దు, అంచులోంచి తడి లోపలికి దిగితే కాగితం మీద గోధుమరంగు మరకలు పడతాయి, అవి ఇక పోవు. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే ఎరుపు ముందు వెలిసిపోతుంది. మన కోస్తా జిల్లాల గాలిలో వెనక రేకు తుప్పు పట్టడం ఖాయం, కాబట్టి బిగుతు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి, పొట్లం అప్పుడప్పుడు మార్చండి. పాత సెల్యులాయిడ్‌కు నిప్పంటే చటుక్కున మండిపోయే గుణం ఉంది, దేవుడి గూట్లో దీపం పక్కన మాత్రం పెట్టకండి.